కర్నూలు ట్రైనింగు, కోటవీధి దీపాలు

6 జూలై 1955, ఉదయగిరి

ఆత్మకూరు నుంచి పై ఆఫీసరు గారి తాఖీదు వచ్చింది. పంచాయతీ గుమాస్తాల్లో ఒకరిని కర్నూలుకు పంపాలట. రెండు నెలలు పరిపాలనలో తర్ఫీదు ఇస్తారట. ఆఫీసు ఎట్లా నడపాలో, పని ఎట్లా పంచాలో, తక్కువ ఖర్చుతో ఎక్కువ పని ఎట్లా రాబట్టాలో నేర్పుతారట. ఖర్చు సగం సర్కారుది, సగం మా బోర్డుది.

ఉన్నది ఇద్దరం గుమాస్తాలం. పద్దెనిమిదేళ్లుగా ఈ బల్ల దగ్గరే ఉన్న నేను, మూడేళ్ల కిందట వచ్చిన శ్రీమన్నారాయణ. ఎవరు వెళ్తారన్నది ఆలోచించాల్సిన విషయం కాదు. ఇంటికి రాగానే అటక మీది ట్రంకు పెట్టె దించమన్నాను.

"ఆర్డరులో పేరు వచ్చినాదా?" అంది మా వెంకటసుబ్బమ్మ.

"వస్తాది."

"వచ్చినాక దించుదాంలే. పెట్టెలో పప్పులు పోసి ఉండాను," అంది. ఈవిడకు నా సర్వీసు మీద నమ్మకం లేదు.

9 జూలై

శ్రీమన్నారాయణను పంపుతున్నారు.

10 జూలై

నిన్న ఇంతకంటే రాయలేకపోయాను.

ప్రెసిడెంటు కోటిలింగం శెట్టిగారు ఆఫీసుకు కూడా రాలేదు. తన కొట్లో బెల్లం బేరం చూసుకుంటూ, నన్ను నిలబెట్టి చెప్పారు. "నువ్వు పోతే ఆఫీసు ఎవురు చూస్తారయ్యా నరసింహం? నీకు అన్నీ తెలిసినవే గదా. తెలీనోడికి గదా నేర్పించాల్సింది?" అన్నారు. మాట తియ్యగానే ఉంది. నేను తల కూడా ఊపాను. అంతలో గొంతు తగ్గించి, "పైగా వాళ్లు ఎస్సెల్సీ ఉండాలన్నారు. నీది థర్డు ఫారం," అన్నారు. గొంతు తగ్గించినా బెల్లం కొనడానికి వచ్చినవాళ్లు నలుగురూ విన్నారు.

అసలు సంగతి తరువాత చెప్పారు. వచ్చే జనవరిలో మా ఆఫీసుకు మేనేజరు పోస్టు మంజూరవుతుందట. తర్ఫీదు డబ్బు దండగ కాలేదని, వెళ్లినవాడు బోర్డుకు పనికొచ్చాడని ఆత్మకూరు వాళ్లు తేలిస్తే పోస్టు వాడిది. దండగే అని తేలితే సీనియారిటీ చూస్తారట. మేనేజరుకు జీతం పదిహేను రూపాయలు ఎక్కువ. జీతం సంగతి అట్లా ఉంచి, బల్ల వేరే. కుర్చీకి చేతులుంటాయి.

పద్దెనిమిదేళ్లు చేతుల్లేని కుర్చీలో కూర్చున్నాను.

శ్రీమన్నారాయణ మీద నాకేమీ లేదు. పిల్లవాడు మంచివాడు. రిజిస్టరు గీతలు గీయడం దగ్గర్నించి వాడికి పని నేర్పింది నేనే. నా బాధల్లా జనం కట్టే పన్ను డబ్బు గురించే.

1 ఆగస్టు

పొద్దున బస్సుకు పంపించి వచ్చాను. బంట్రోతు కామయ్య వాడి పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు. ఆఫీసు పని మీద నేను ఎన్నిసార్లు నెల్లూరు వెళ్లలేదు? నా సంచీ ఏనాడైనా ముట్టుకున్నాడా?

కర్నూల్లో పాఠం చెప్పేవాళ్లకు ఇవ్వడానికని మన ఊరి చెక్క గరిటెలు డజను కట్టుకున్నాడు. పాఠం మొదలు కాకముందే మంచి చేసుకునే ఉపాయం. నాకు ఇన్నేళ్లలో అట్లాంటిది ఒక్కటి తట్టలేదు.

బస్సు ఎక్కబోతూ, "మీరు నేర్పిన పనేనన్నా నాకు ఆధారం," అన్నాడు. నలుగురూ వినేటట్టు అన్నాడు.

17 ఆగస్టు

కర్నూలు నుంచి వాడి కార్డు. గుడారాల్లో ఉంటున్నారట, ఒక్కో గుడారానికి ఆరుగురు. వాన పడితే మంచాలెత్తుకుని నిలబడాలట. చదవగానే కొంచెం సంతోషం వేసింది. ఇది రాయకుండా ఉండాల్సింది. రాశాను గనక ఉండనీ.

2 సెప్టెంబరు

ఇంకో కార్డు. మధ్యాహ్నం మూడింటికి కాఫీ ఇస్తారట. కర్నూలు కాఫీకి ఉదయగిరి ఇంటిపన్ను.

3 అక్టోబరు

వచ్చి డ్యూటీలో చేరాడు. చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. ఎవరు ఏ మాట చెప్పినా అందులో రాసుకుంటాడు, పక్కన తేదీ, టైము వేస్తాడు. "ఎవురిని ఏం అడిగినామో తేదీతో రాసుకోవాలన్నా. అక్కడ అదే ముందు నేర్పినారు," అన్నాడు. మనిషి మాట మీద నమ్మకం లేనివాళ్ల చదువు.

కామయ్య వాణ్ణి ఇవాళ "సారు" అన్నాడు. నన్ను ఇప్పటికీ "గుమాస్తా గారూ" అంటాడు.

ప్రయాణం, బత్తా, గుడారం అద్దె అన్నీ కలిపి బిల్లు రెండు వందల పద్దెనిమిది రూపాయల ఎనిమిది అణాలు. నేనే పాసుకు రాశాను. నా చేత్తోనే.

20 అక్టోబరు

ఆత్మకూరు నుంచి ఒక ఫారం వచ్చింది. తర్ఫీదుకు అయిన ఖర్చెంత, దానివల్ల బోర్డుకు కలిగిన లాభమెంత, అభిప్రాయమేమిటి, మూడు గడులు. డిసెంబరు మొదటి వారంలోగా నింపి పంపాలి. నింపవలసింది సీనియరు గుమాస్తా, సంతకం ప్రెసిడెంటుది.

సీనియరు గుమాస్తా! కాగితం రెండుసార్లు చదువుకుని సొరుగులో పెట్టి తాళం వేశాను. మధ్యాహ్నం మళ్లీ తీసి చూసుకున్నాను. రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

27 అక్టోబరు

ఇది వివరంగా రాసుకోవాలి.

ఊళ్లో నలభై రెండు కిరసనాయిలు దీపాలున్నాయి. యేసురత్నం సందెవేళ నిచ్చెన భుజాన వేసుకుని తిరిగి వెలిగిస్తాడు. రాత్రి పది దాకా వెలిగేటట్టు నూనె పోస్తాడు. వెన్నెల రోజుల్లో వెలిగించడు. ఏ రోజు వెలిగించాలో ఏ రోజు అక్కర్లేదో ఇన్నాళ్లూ నేను నోటితో చెప్పేవాణ్ణి.

శ్రీమన్నారాయణ పంచాంగం ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చుని ఒక పట్టిక వేశాడు. శుక్ల షష్ఠి నాడు చంద్రుడు పదిన్నర దాకా ఉంటాడు, దీపాలు ఎట్లాగూ పదికే ఆరిపోతాయి, కాబట్టి షష్ఠి నుంచే దీపాలు అక్కర్లేదు. ఇట్లా ఏడాది పొడుగునా తేల్చాడు. మిగిలే నూనె ఖరీదుతో పద్నాలుగు నెలల్లో కర్నూలు ఖర్చంతా తీరిపోతుంది. పట్టిక చక్కగా ఉంది. ఎర్ర సిరాతో గీతలు కొట్టాడు. చూస్తుంటే కడుపు మండిపోయింది. పద్దెనిమిదేళ్లలో నేనెందుకు వెయ్యలేదు దీన్ని?

తప్పు ఒక్కటే ఉంది. కోటవీధికి పడమట కొండ అడ్డం. పంచాంగంలో చంద్రుడు పదిన్నరకు అస్తమించినా, కోటవీధి వాళ్లకు తొమ్మిదికే ఆ దుర్గం కొండ వెనక్కి పోతాడు. ఆ తరువాత అక్కడ కన్ను పొడుచుకున్నా కనపడదు. అందుకని ఆ వీధిలో ఎనిమిది దీపాలు మాత్రం నవమి దాకా వెలిగించాలి. ఇది ఏ కాగితంలోనూ లేదు. నాకు ముందున్న గుమాస్తా నారాయణయ్య గారు నాకు చెప్పారు, నేను యేసురత్నానికి చెప్పాను, అంతే.

సాయంత్రం నాలుగింటికి పట్టిక నా బల్ల మీద పరిచాడు.

"ఇందులో ఏమన్నా తప్పు ఉండాదా అన్నా? మీరు చూసినాకనే ప్రెసిడెంటుకు పంపుతా."

"నాకేం తెల్సురా? నేను కర్నూలు పోలేదు గదా."

నవ్వాడు. నేను వేళాకోళం ఆడాననుకున్నాడు. "నిజంగా చెప్పన్నా," అన్నాడు.

"ఏం లేదు. బాగుండాది. పంపుకో," అన్నాను.

చెప్పకపోవడం అబద్ధం చెప్పడం కాదు. తర్ఫీదు పొందినవాడికి ఊళ్లో కొండ ఉన్న సంగతి తెలిసి ఉండాలి. అంత పెద్ద కొండ.

1 నవంబరు

పట్టిక అమల్లోకి వచ్చింది. యేసురత్నం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, కోటవీధి సంగతి ఈ కాయితంలో లేదే?"

"కాయితంలో ఉన్నట్టు చెయ్యి."

"కొండ నీడ పడతాది గదయ్యా..."

"ట్రైనింగు అయినోళ్లు రాసినారు. నువ్వూ నేనూ ఎవురం చెప్పేదానికి? నోరు మూసుకుని పని చూసుకో."

తల గోక్కుంటూ పోయాడు. కొంచెం గట్టిగానే అన్నానేమో. వాడు నా మాట ఎన్నడూ జవదాటలేదు.

15 నవంబరు

కార్తీకం మొదలైంది. షష్ఠి ఆదివారం వస్తుంది. కోటవీధి వాళ్లు సోమవారం పొద్దున్నే వచ్చి ప్రెసిడెంటును కేకలేస్తారు. అంతకంటే ఏమవుతుంది? శ్రీమన్నారాయణకు నాలుగు చివాట్లు పడతాయి. ఫారంలో లాభం గడి దగ్గర సున్నా పెట్టవచ్చు.

18 నవంబరు

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. వానలకు కోటవీధి కాలవ నిండుగా పారుతోందని పొద్దున కామయ్య అన్నాడు. వినగానే లేచి ప్రెసిడెంటు గదిలోకి వెళ్లాను.

శ్రీమన్నారాయణ శెట్టిగారి పక్కన, చేతులున్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే, "కూర్చో, కూర్చో. అలవాటు చేసుకోవాల," అని నవ్వారు శెట్టిగారు.

సిరాబుడ్డి కోసం వచ్చానని చెప్పి వెనక్కి వచ్చేశాను.

20 నవంబరు

షష్ఠి. మా వీధిలో వెన్నెల బాగుంది. పెందలాడే తలుపు వేసుకున్నాను.

21 నవంబరు

ఎస్తేరమ్మ కోటవీధి కాలవలో పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

ఎస్తేరమ్మ అంటే యేసురత్నం తల్లి. మంత్రసాని. ఈ ఊళ్లో సగంమంది ఆ చేతుల్లోకే పుట్టారు. మా ఆడపిల్లలిద్దరూ కూడా. నిన్న కోటవీధిలో అంకారావు కోడలికి పురుడు పోసి, తొమ్మిదిన్నరప్పుడు ఒక్కతే ఇంటికి బయల్దేరిందట.

చూసి వచ్చాను. చెయ్యికి వెదురు దబ్బలు వేసి కట్టారు. వేళ్లు వాచి ఉన్నాయి. నేను అడగకుండానే చెప్పింది.

"నేనెరగని వీధా అయ్యా అది? మూల దీపం కాడ మలుపు తిరగాల. దీపం ఉంటాదిలే అనుకుని దాని కోసరం చూసుకుంటా పోయినా. దీపం లేకపాయె. మలుపెక్కడో తెలీలా."

యేసురత్నం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. "కాయితంలో ఉన్నట్టు చేసినానమ్మా," అని మాత్రం అన్నాడు. మూడుసార్లు అదే మాట అన్నాడు.

చివరికి ఎస్తేరమ్మే నాకు ధైర్యం చెప్పింది. "నువ్వేం చేస్తావులే అయ్యా, ఇప్పుడన్నీ చదువుకున్నోళ్లు చేస్తా ఉండారు," అంది.

22 నవంబరు

పట్టిక వేసింది నేను కాదు.

23 నవంబరు

కోటవీధి వాళ్లు అర్జీ పెట్టారు. శెట్టిగారు ఆఫీసులో ఎగిరిపడ్డారు. "రెండు నూర్ల రూపాయలు పోసి కర్నూలు పంపితే ముసిల్దాని చెయ్యి ఇరగ్గొట్టించినావు గదయ్యా!" అని అందరిముందు శ్రీమన్నారాయణను అరిచారు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఈ రోజు కోసమే గదా నేను ఎదురు చూసింది? కావలసినంత సంతోషం రాలేదు. అన్నం కూడా సహించలేదు. వెంకటసుబ్బమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జరం లేదే," అంది.

ముప్ఫయ్యో తేదీన ఇద్దరినీ ఆత్మకూరు రమ్మన్నారు.

30 నవంబరు, రాత్రి

ఆత్మకూరు నుంచి ఇప్పుడే వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆఫీసరు గారు అర్జీ చదివారు, పట్టిక చూశారు. కళ్లద్దాలు తీసి శ్రీమన్నారాయణను అడిగారు.

"ఇది అమలు పెట్టక ముందు మీ సీనియరును అడిగినావా?"

నోటుబుక్కు వాడి ఒళ్లో ఉంది. వేళ్లతో దాని అట్ట నిమురుతున్నాడు.

"లేదు సార్. నేనే తొందరపడినాను," అన్నాడు.

"పెద్దవాళ్లను అడగమని కర్నూల్లో చెప్పలేదా?"

"చెప్పినారు సార్."

"మరి రెండు వందల పద్దెనిమిది రూపాయలు ప్రజల సొమ్ము దేనికి పెట్టినట్టు?"

ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నిన్ను అడిగి ఉంటే చెప్పేవాడివా?" అన్నారు.

"చెప్పేవాణ్ణండి," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను.

దండగ ఖర్చు కింద ఆ మొత్తం వాడి జీతంలో నెలనెలా కోస్తారట. ఫారంలో నా అభిప్రాయం రాసి పంపితే ఫైలు మూసేస్తారట. "మేనేజరు పోస్టుకు మీ పేరే వెళ్తుంది. అనుభవం అనుభవమే," అని ఆఫీసరు గారు నాతో లేచి నిలబడి మాట్లాడారు.

తిరుగు బస్సు దారిలో రేడియేటరుకు నీళ్లు పోయడానికి ఆగింది. శ్రీమన్నారాయణ టీకి దిగాడు. నోటుబుక్కు సీటు మీద పెట్టి వెళ్లాడు. ముట్టుకోకూడదనుకుంటూనే తీశాను. అక్టోబరు పేజీలు తిప్పాను. ఉంది.

"దీపాల పట్టిక. నరసింహం అన్నను అడిగినాను. 27-10-55, సా. 4 గం. ఏం లేదు, బాగుంది, పంపుకోమన్నారు."

వాడు రెండు గ్లాసులతో వచ్చేసరికి పుస్తకం ఇంకా నా చేతిలోనే ఉంది. చూశాడు. ఒక గ్లాసు నాకిచ్చి పక్కన కూర్చున్నాడు.

"కొండ సంగతి మీకు తెల్సునా అన్నా?"

"తెల్సు."

ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. వాడు నా చేతిలోంచి పుస్తకం తీసుకుని కొత్త పేజీ తెరిచి, జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏ తిథి దాకా వెలిగించాల?"

"నవమి దాకా."

"ఎన్ని దీపాలు?"

"ఎనిమిది."

రాసుకున్నాడు. పక్కన తేదీ వేశాడు. చేతి గడియారం చూసి టైము వేశాడు.

2 డిసెంబరు

ఫారం బల్ల మీద ఉంది. ఖర్చు గడి ఒక్కటే నింపాను.

3 డిసెంబరు

వాడి మీద కోపం పోలేదు. ఇంకా ఎక్కువైంది. ఎస్సెల్సీ ప్యాసు కావడంలో వాడే ముందు, కర్నూలు పోవడంలో వాడే, చేతుల కుర్చీలో కూర్చోవడంలో వాడే. చివరికి అబద్ధం చెప్పి మంచివాడు అనిపించుకోవడంలో కూడా నాకంటే వాడే ముందు. ఆత్మకూర్లో నేను నోరు తెరిచేలోగానే ఆ పని కూడా చేసేశాడు. నేను మాత్రం తెరిచేవాణ్ణా అన్నది వేరే సంగతి.

యేసురత్నం ఇవాళ నూనె కోసం వచ్చాడు. కొలిచి పోశాను. "అమ్మకు ఎట్లుండాది?" అన్నాను. "ఎడం చేత్తో తింటా ఉండాది," అన్నాడు. నూనె డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

4 డిసెంబరు

రాసేశాను. చిత్తు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

ఖర్చు: రూ. 218-8-0.

లాభం: దీపాల పట్టిక వల్ల ఏడాదికి సుమారు రూ. 187. కోటవీధికి నవమి దాకా వెలిగించినా రూ. 160కి తగ్గదు.

అభిప్రాయం: తర్ఫీదు పొందిన గుమాస్తా పట్టిక పంపేముందు 27-10-55 సాయంత్రం నాలుగు గంటలకు నన్ను అడిగినాడు. కొండ సంగతి నాకు తెలిసి చెప్పలేదు. 30వ తేదీన తమ ఎదుట అతడు చెప్పినదీ నేను చెప్పినదీ రెండూ నిజం కాదు. కోటవీధి సంగతి పద్దెనిమిదేళ్లు నా ఒక్కడి తలలోనే ఉంచుకున్నాను. అందుకు కూడా బోర్డు నాకు జీతం ఇచ్చినది. దండగ ఖర్చు కింద కోయవలసినది ఉంటే నా జీతంలో కోయగలరు.

వెంకటసుబ్బమ్మకు చదివి వినిపించాను. "పెట్టెలో పప్పులు అట్లే ఉంచుతాలే," అంది.

5 డిసెంబరు

సంతకం పెట్టబోతూ శెట్టిగారు ఆగి నా మొహం చూశారు. "తెలిసే రాసినావా ఇది?" అన్నారు. తెలిసే రాశానన్నాను. పెట్టారు. కామయ్య చేత పొద్దుటి బస్సుకే పంపించాను. బస్సు కదిలేదాకా వెనక్కి పిలుద్దామా అనుకుంటూనే ఉన్నాను.

17 డిసెంబరు

ఆత్మకూరు నుంచి జవాబు. మేనేజరు పోస్టుకు శ్రీమన్నారాయణ పేరు. నాకు మందలింపు, జీతంలో నెలకు ఐదు రూపాయల కోత. ఆ ఐదూ ఎస్తేరమ్మకు ఇవ్వాలని శెట్టిగారు పక్కన రాశారు.

20 డిసెంబరు

మళ్లీ షష్ఠి. పొద్దున యేసురత్నం నిచ్చెనతో వచ్చి, కోటవీధికి ఎనిమిది దీపాల నూనె పట్టుకెళ్లాడు.

ఎస్తేరమ్మ కట్టు నిన్న విప్పారట. వేళ్లు కదులుతున్నాయి గాని పిడికిలి బిగియడం లేదట. అంకారావు మనవరాలికి ఆవిడ పేరే పెట్టుకున్నారని చెప్పాడు యేసురత్నం. ఈ ఊళ్లో ఆ చేతుల మీద పుట్టిన ఆఖరు బిడ్డ అదే కావచ్చు.

శ్రీమన్నారాయణ కొత్త పట్టిక రాసి గోడకు కొట్టాడు. అడుగున ఎర్ర సిరాతో ఒక వరుస చేర్చాడు: "కోటవీధి, ఎనిమిది దీపములు, నవమి వరకు. శ్రీ పెంచలనరసింహం గారు చెప్పగా."

నా పేరు గోడ మీద ఉండడం ఇదే మొదలు. దస్తూరీ కూడా, ఒప్పుకోవాలి, నా దస్తూరీ కంటే బాగుంది. వచ్చినవాళ్లంతా చదువుతున్నారు. పన్ను కట్టడానికి వచ్చిన కోటవీధి మనిషి ఒకడు గట్టిగా చదివి, నాకు నమస్కారం పెట్టాడు.

అప్పుడు చూశాను. కర్నూల్లో నేర్పినట్టే, నా పేరు పక్కన చెప్పిన తేదీ కూడా వేశాడు. 30-11-55. ఎస్తేరమ్మ పడింది ఇరవయ్యో తేదీన.

ఆ తేదీ చెరిపెయ్యమని అడుగుదామని లేచాను. వాడు చేతులున్న కుర్చీలోంచి తల ఎత్తి, "ఏందన్నా?" అన్నాడు.

ఏం లేదని చెప్పి కూర్చున్నాను.